అవ్వ మాటను అట్లనే ఉంచండి

పిల్లలూ,

మీరు ఫోనులో తీసిన 12 నిమిషాల డాక్యుమెంటరీ రెండుసార్లు చూశాను. పాలమూరు కూలీల గురించి పెద్దవాళ్ళు చాలా రాశారు. వాళ్ళు కట్టిన డ్యాములు, తవ్విన కాలువలు, మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు, తీరని అప్పు, అన్నీ రాశారు. అమ్మానాయినలు ముంబై పోతే అవ్వ దగ్గర పెరగడం ఎట్లుంటుందో మాత్రం నాకు మీరే చూపించారు.

ఒక్క చోట మనసు చివుక్కుమంది. అవ్వ మాట్లాడుతుంటే ఆమె గొంతు తగ్గించి, అదే సంగతి మీరు పుస్తకాల తెలుగులో చెప్పారు. ''మీ నాయిన్ను బస్సెక్కిచ్చి ఎనకకు సూడకుండ వచ్చిన'' అన్నది అవ్వ. మీ గొంతులో అది ''కుమారుణ్ణి సాగనంపి బాధతో తిరిగి వచ్చింది'' అయింది. అవ్వ నోట బాధ అనే మాటే రాలేదు, గమనించారా?

ఆమె ''మాది పాలమూరు'' అంటే మీరు ''నారాయణపేట జిల్లా'' అని దిద్దారు. రెండూ నిజమే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. 2016లో ఆ జిల్లాను విడగొట్టారు. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరే జిల్లా అయింది. ఇన్ని మారినా అవ్వకు పాలమూరు పాలమూరే. ఒకే ఇంట్లో ఉండే అవ్వా, మీరూ మీ చోటుకు రెండు పేర్లు చెబుతున్నారు. సినిమాకు ''మేమెవరం'' అని పేరు పెట్టుకున్నారు కదా, ఆ సీనును దిద్దకుండా ఉంచండి.

హైదరాబాదులో చదువుకునేటప్పుడు నా మాట విని క్లాసులో నవ్వారు. ఏడాదంతా నోరు విప్పలేదు. తర్వాత మాట మార్చుకున్నాను. సెలవులకు ఇంటికొస్తే మా అమ్మ ''ఎవరి లెక్క మాట్లాడుతున్నవ్ రా?'' అన్నది. ఏం చెప్పాలో తెలియక తల దించుకున్నాను.

అందుకే ఆ వాయిస్ ఓవర్ తీసేయండి. వేరే ప్రాంతం వాళ్ళకు అర్థం కాదేమోనని టెన్షన్ ఉంటే, ఒకటి రెండు మాటలకు కింద అక్షరాలు వేస్తే చాలు. అవ్వ మాట ఆపగానే కట్ చేశారు. ఇంకో నాలుగైదు సెకన్లు ఆగండి. ఆమె కొంగు సవరించుకుని వాకిలి దిక్కు చూస్తుంది, అది ఉండాలి. మళ్ళీ తీస్తే గోడ చాటున కూర్చోబెట్టండి, గాలి మైకులో కొడుతున్నది.

బడిలో వేసే ముందు అవ్వకు చూపించండి. ఏదైనా వద్దంటే తీసేయాలి, బతిమాలొద్దు. తర్వాత ముంబైకి పంపండి. అమ్మానాయినలు పని దిగి, అన్నం తిన్నాక నెమ్మదిగా చూసుకుంటారు.

మీ పాత సారు