పొటెన్షియోమీటర్‌లో ఏ నిరోధం లెక్కలోకి వస్తుంది?

పొడవాటి తీగ మీది వోల్టేజీతో పోల్చి ఘటం వోల్టేజీని కొలిచే పరికరం పొటెన్షియోమీటర్. దాని వలయంలో నిరోధం లేని భాగమంటూ ఉండదు. తీగ, రియోస్టాట్ (మార్చుకోగలిగే నిరోధం), గాల్వనామీటర్ (చిన్న ప్రవాహాన్నీ ముల్లుతో చూపే మీటరు), కొలవాల్సిన ఘటం, అన్నిటికీ ఉంది. కానీ సంతులన బిందువును, అంటే తీగ మీద గాల్వనామీటర్ ముల్లు సున్నా చూపే చోటును, జరిపేవి వీటిలో కొన్నే. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ముందు ప్రైమరీ వలయం, అంటే అక్యుములేటర్ (మళ్లీ ఛార్జ్ చేసుకునే బ్యాటరీ) తీగ గుండా ప్రవాహం పంపే వలయం. 10 మీటర్ల మాంగనిన్ తీగ నిరోధం 10 ఓమ్‌లు అనుకుందాం. 2 వోల్టుల అక్యుములేటర్‌ను నేరుగా కలిపితే మీటరుకు 0.2 వోల్టుల పొటెన్షియల్ ప్రవణత వస్తుంది. 1.08 వోల్టుల డేనియల్ ఘటం 540 సెం.మీ. దగ్గర సంతులనమవుతుంది. ఇప్పుడు రియోస్టాట్‌లో 6 ఓమ్‌లు చేర్చండి. తీగ వాటాకు 1.25 వోల్టులే మిగులుతాయి, అదే ఘటం 864 సెం.మీ. దగ్గర నిలుస్తుంది. పొడవు పెరిగింది కాబట్టి కొలత ఇంకా నికరంగా వస్తుంది. ఇంకాస్త ఆశపడి 10 ఓమ్‌లు పెడితే తీగ మొత్తం మీద ఉండేది 1 వోల్టు. ఇక సంతులన బిందువు తీగ మీద ఎక్కడా దొరకదు.

ఘటం, గాల్వనామీటర్ ఉండే సెకండరీ వలయం సంగతి వేరు. సంతులన బిందువు దగ్గర ఘటం గుండా ప్రవాహం సున్నా. ఒకే మట్టంలో నీళ్లున్న రెండు తొట్లను గొట్టంతో కలిపితే నీరు కదలదు, గొట్టం సన్నదా లావుదా అన్న ప్రశ్నే రాదు. అలాగే గాల్వనామీటర్ నిరోధం, దానికి శ్రేణిలో పెట్టిన పెద్ద నిరోధం, ఘటం అంతర్నిరోధం, ఏవీ ఆ బిందువును కదపవు. 50 ఓమ్‌ల వోల్ట్‌మీటర్‌తో 1 ఓమ్ అంతర్నిరోధమున్న అదే ఘటాన్ని కొలిస్తే 1.06 వోల్టులే చూపిస్తుంది, ఎందుకంటే ఆ మీటరు ప్రవాహం తీసుకుంటుంది. పెద్ద నిరోధం గాల్వనామీటర్‌ను కాపాడటానికే. బిందువు దగ్గరపడ్డాక దాన్ని తీసేయాలి, లేకపోతే ముల్లు చిన్న తేడాను పట్టుకోలేదు.

జాకీని (తీగకు తాకించే లోహపు మొనను) ఎక్కడ నొక్కినా ముల్లు ఒకే వైపు తిరుగుతోందా? తప్పెక్కడో ముల్లే చెబుతుంది. జాకీని ధన కొస నుంచి దూరంగా తీసుకెళ్లే కొద్దీ విక్షేపం తగ్గుతూ వచ్చి, చివరిదాకా దిశ మారకపోతే తీగ మీద వోల్టేజీ చాలడం లేదు, రియోస్టాట్ తగ్గించండి. పెరుగుతూ పోతే ఘటం ధ్రువాలు తారుమారయ్యాయి. అక్యుములేటర్, ఘటం రెండింటి ధన ధ్రువాలూ తీగ ఒకే కొసకు చేరాలి. అన్నిచోట్లా దాదాపు ఒకేలా ఉంటే ప్రైమరీలో ఎక్కడో కనెక్షన్ తెగింది. అసలు కదలకపోతే తెగింది సెకండరీలో. ఇసుక కాగితంతో తీగల కొసలు రుద్ది, స్క్రూలు బిగించి చూడండి.

అంతర్నిరోధం కొలిచే ప్రయోగంలో ఒక అనుమానం న్యాయమైనదే: ఘటం గుండా ప్రవాహం సున్నా అన్నాం కదా, మరి దాని అంతర్నిరోధం ఎలా బయటపడుతుంది? గాల్వనామీటర్ శాఖలో ప్రవాహం సున్నా, నిజమే. కానీ ఈ ప్రయోగంలో ఘటానికి ఒక కీ ద్వారా నిరోధాల పెట్టె కూడా కలిపి ఉంటుంది. కీ మూసినప్పుడు ఘటం ఆ పెట్టెలోకి ప్రవాహం పంపుతోంది. ఆ ప్రవాహం వల్ల ఘటం లోపల కొంత వోల్టేజీ పడిపోతుంది, మిగిలిందే తీగ మీద సంతులనమవుతుంది. ప్రవణత మీటరుకు 0.2 వోల్టులుండగా కీ తెరిచినప్పుడు 540, పెట్టెలో 5 ఓమ్‌లతో మూసినప్పుడు 450 సెం.మీ. వచ్చిందనుకోండి. అంతర్నిరోధం r, పెట్టె నిరోధం R, కీ తెరిచినప్పటి పొడవు l₁, మూసినప్పటిది l₂ అయితే, r = R(l₁ − l₂)/l₂ ప్రకారం 5 × 90/450 = 1 ఓమ్. సరిచూద్దాం: కీ మూసినప్పుడు వోల్టేజీ 0.9, ప్రవాహం 0.18 ఆంపియర్, లోపల పడిపోయింది 0.18 వోల్టులు. సరిపోయింది.

రెండు రీడింగుల మధ్య రియోస్టాట్‌ను ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ప్రవణత మారి, l₁, l₂లను పోల్చడానికే వీలుండదు. ఘటం కీని రీడింగు తీసేంతసేపే మూయండి. ఎక్కువసేపు ప్రవాహం లాగితే ఘటం నీరసించి l₂ తగ్గుతూ పోతుంది. జాకీని తీగ మీద ఈడ్వకండి, ఎత్తి మెల్లగా తాకించండి. ఈడిస్తే తీగ అక్కడక్కడా అరిగి సన్నబడుతుంది. సన్నబడిన చోట సెంటీమీటరుకు నిరోధం ఎక్కువ, అక్కడ పొడవుకూ వోల్టేజీకీ ఉన్న నిష్పత్తి చెడిపోతుంది.