ఇంగ్లండ్‌లో సోషల్ వర్కర్లు ఎందుకు నిలవడం లేదు?

ఇంగ్లండ్‌లో పిల్లల రక్షణ చూసే సోషల్ వర్కర్లలో వందకు 17 మంది 2022 సెప్టెంబరుతో ముగిసిన ఏడాదిలో ఉద్యోగం వదిలేశారు. అప్పట్లో ప్రతి ఐదు పోస్టుల్లో ఒకటి ఖాళీ. కేసుల భారం, చాలీచాలని జీతం ఇందుకు కారణాలే. కానీ ఏ ఇంటికి ఎప్పుడు వెళ్లాలి, ఎంతసేపు కూర్చోవాలి అన్న నిర్ణయం వాళ్ల చేతుల్లోంచి జారిపోవడం అంతకంటే పాత కారణం.

1973లో బ్రైటన్‌లో ఏడేళ్ల మరియా కోల్‌వెల్‌ను సవతి తండ్రి కొట్టి చంపాడు. అప్పటి నుంచీ ఇదే వరస: ఒక పసిప్రాణం పోతుంది, విచారణ వేస్తారు, కొత్త నిబంధనలు పుట్టుకొస్తాయి. 2000లో లండన్‌లో ఎనిమిదేళ్ల విక్టోరియా క్లింబియే చనిపోయింది. ఆ మరణంపై విచారణ జరిపిన లార్డ్ లామింగ్ నివేదిక 2003లో 108 సిఫార్సులు చేసింది. అంత ఘోరం జరిగాక కట్టుదిట్టం కోరుకోవడాన్ని నేను తప్పుపట్టను. తేడా కొట్టింది అమలులోనే.

బిడ్డ పరిస్థితి మీద తొలి అంచనా 7 పనిదినాల్లో, పూర్తి అంచనా 35 పనిదినాల్లో తేల్చాలన్న నియమం అప్పటికే ఉంది. దానికితోడు ఇంటిగ్రేటెడ్ చిల్డ్రన్స్ సిస్టమ్ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చిపడింది. బిడ్డకో ఫైలు, ఫైలుకు బోలెడు గడులు. తల్లి ఎందుకు భయపడుతోందో, తండ్రి ఎందుకు మాట మారుస్తున్నాడో ఏ గడిలో రాయాలి? ఇంటి కథ ముక్కలైంది, గడువు మాత్రం తెర మీద తరుముతూనే ఉంది.

2007లో 17 నెలల పీటర్ కానెల్లీ మరణంతో పత్రికలు సోషల్ వర్కర్ల మీదే విరుచుకుపడ్డాయి. ఆ భయంతో కాగితం పక్కాగా ఉంటే చాలనే ధోరణి ఇంకా బలపడింది.

దీన్ని సూటిగా ఎత్తిచూపింది, ప్రభుత్వం కోరగా పిల్లల రక్షణ వ్యవస్థను సమీక్షించిన ప్రొఫెసర్ ఐలీన్ మన్రో. పద్ధతి పాటించామా అని కాదు, బిడ్డకు మేలు జరిగిందా అని చూడాలని 2011 నివేదికలో వాదించారు. ఈలోపే లండన్‌లోని హాక్నీ కౌన్సిల్ (అక్కడి స్థానిక పాలనా సంస్థ) చిన్న బృందాలు కట్టి, రాతపనికి వేరే మనిషిని ఇచ్చి, కేసును అందరూ కలిసి చర్చించే పద్ధతి మొదలుపెట్టింది. 2013లో ఆ రెండు అంచనాలూ పోయి, 45 పనిదినాల గడువుతో ఒకటే మిగిలింది.

అయినా ఫారాలు తగ్గలేదు, పైగా కౌన్సిళ్ల నిధులకు కోతపడింది. క్షేత్రస్థాయి సోషల్ వర్కర్ల సమయంలో మూడో వంతు కూడా కుటుంబాలకు దక్కడం లేదని 2022లో పిల్లల సంరక్షణ వ్యవస్థపై జోష్ మెక్‌అలిస్టర్ చేసిన సమీక్ష తేల్చింది. విసిగినవాళ్లు ఎక్కువ డబ్బు, నచ్చినచోట పని కోసం తాత్కాలిక సిబ్బందిని సరఫరా చేసే ఏజెన్సీల బాట పట్టారు. వాళ్లు మారినప్పుడల్లా బిడ్డ తన గోడు కొత్త మనిషికి మొదటి నుంచీ చెప్పుకోవాలి. ఉద్యోగం మానేసినవారిని అదే ప్రాంతంలో మూడు నెలలపాటు ఏజెన్సీ ద్వారా తీసుకోకూడదన్న నిబంధన 2024 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది.