బ్యాటరీ పీకాక మూడు నిమిషాలు

విశాఖలో గాజువాక ఆటోనగర్‌లో కార్ల పని చేసే నా పాత స్టూడెంట్ ఒకడు మొన్న రాత్రి ఫోన్ చేశాడు. "మాస్టారూ, ఎయిర్‌బ్యాగ్ మీద చెయ్యి వేసే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసి మూడు నిమిషాలు ఆగమని మాన్యువల్‌లో ఉంది. బ్యాటరీయే లేనప్పుడు కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందండీ? కస్టమర్ పక్కనే నిలబడి తొందరపెడుతుంటే ఊరికే కూర్చోవాలంటే టెన్షన్‌గా ఉంటోంది" అన్నాడు.

ఇన్నేళ్లు పాఠం చెప్పాను, క్లాసులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. కెపాసిటర్ అంటే ఏమిటో రాయమంటే పిల్లలు తడుముకోకుండా రాసేస్తారు. దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని చూసినవాళ్లు మాత్రం ఎందరో ఉండరు. మా చదువుల్లో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే. వాడి ప్రశ్నకు జవాబు, ఛార్జిని లోపల నిల్వ ఉంచుకునే ఆ కెపాసిటరే.

చాలా కార్లలో బ్యాటరీ ముందువైపు, ఇంజిన్ పక్కనే ఉంటుంది. ఎదురుగా గుద్దుకుంటే అది నలిగిపోవచ్చు, వైరు తెగిపోవచ్చు. బ్యాగ్ తెరుచుకోవాల్సింది సరిగ్గా ఆ క్షణంలోనే. అందుకని ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ లోపల ఒక కెపాసిటర్‌ని నింపి సిద్ధంగా ఉంచుతారు. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను పెంచి మరీ నింపుతారు.

శివాలయంలో లింగం మీద వేలాడే ధారాపాత్రను తలుచుకోండి. పూజారిగారు బిందెతో నీళ్లు పోసి వెళ్లిపోతారు. ఆయన వెళ్లినా ధార ఆగదు. బ్యాటరీ పూజారి అయితే కెపాసిటర్ ఆ పాత్ర. నిండుగా ఉన్నప్పుడు ధార జోరుగా పడుతుంది, మట్టం తగ్గేకొద్దీ సన్నబడి చుక్కలవుతుంది. కెపాసిటర్ ఖాళీ అయ్యే తీరూ ఇంచుమించు ఇదే: సగం కావడానికి ఎంతసేపు పడితే, ఆ మిగిలినదాంట్లో సగం కావడానికీ అంతే సేపు. ప్రమాదం జరిగినప్పుడు మాత్రం పాత్రను ఒక్కసారిగా బోర్లించినట్టు అంతా ఒకే వైరులోకి పోతుంది.

లెక్క కోసం 2200 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ని 25 వోల్టులకు నింపామని, అది 10 కిలో ఓముల రెసిస్టర్ గుండా కారుతోందని అనుకుందాం. ప్రతి 15 సెకన్లకూ వోల్టేజి సగమవుతుంది. 15 సెకన్లకు 12.5, అరనిమిషానికి 6 చిల్లర, 45 సెకన్లకు 3, నిమిషానికి ఒకటిన్నర. బ్యాగ్‌ని పేల్చే చిన్న వైరు రెసిస్టెన్స్ 2 ఓముల దాకా ఉంటుంది. చాలా కార్లలో వాడే రకం కచ్చితంగా అంటుకోవడానికి 1.2 ఆంపియర్లు 2 మిల్లీసెకన్లు చాలు. అంటే 6 మిల్లీజౌళ్ల శక్తి కూడా అక్కర్లేదు. మన పాత్ర నిండుగా ఉన్నప్పుడు 690 మిల్లీజౌళ్లు ఉన్నాయి! 45వ సెకనులో కూడా ఆ 3 వోల్టులు 2 ఓముల మీద ఒకటిన్నర ఆంపియర్ ఇవ్వగలవు. 75 సెకన్లు దాటాక గానీ అది 0.4 ఆంపియర్ కిందికి రాదు. ఆ కిందికి వస్తే వైరు అంటుకోకూడదని తయారీదారులు పెట్టుకున్న హద్దు అది. కంపెనీని బట్టి కెపాసిటరూ మారుతుంది, గడువూ మారుతుంది. ఒకరు 90 సెకన్లంటే ఇంకొకరు 3 నిమిషాలంటారు. నా లెక్క చూసి కాదు, ఆ కారు మాన్యువల్ చూసి ఆగాలి.

వాడు ఇంకో మాట కూడా అడిగాడు, బ్యాగ్ వైర్లను టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉందో లేదో చూసే చిన్న బల్బు) పెట్టి చూడొచ్చా అని. వద్దే వద్దు. 12 వోల్టుల 5 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు 29 ఓములు ఉంటుంది, తీసుకునేది 0.4 ఆంపియరే. కానీ చల్లగా ఉన్న ఫిలమెంట్ రెసిస్టెన్స్ అందులో పదో వంతు. దాన్ని బ్యాగ్ వైరుతో వరసలో కలిపి బ్యాటరీకి తగిలిస్తే మొదటి కొన్ని మిల్లీసెకన్లు 2 ఆంపియర్లకు పైనే పోతుంది. బల్బు ఎర్రబడే లోపే బ్యాగ్ తెరుచుకోవచ్చు. మల్టీమీటర్‌తో ఓములు కొలవడమూ వద్దు. బ్యాగ్ బదులు 2 ఓముల డమ్మీ రెసిస్టర్ తగిలించి వైరింగ్ చూసుకోవాలి.

పసుపు రంగు కనెక్టర్ ఊడదీసినప్పుడు బ్యాగ్ వైపు ముక్కలోకి టార్చి వేసి చూడండి. గోరంత స్ప్రింగు రేకు ఒకటి లేచి రెండు పిన్నులనూ కలిపేసి ఉంటుంది. రెండు పిన్నులూ ఒకటైపోతే వాటి మధ్య వోల్టేజి తేడా ఉండదు, స్టాటిక్ షాక్ తగిలినా వైరు గుండా కరెంటు పోదు. ఇంత చిన్న రేకులో ఇంత ఆలోచన! మన బీచ్ రోడ్డు ఉప్పుగాలికి ఇలాంటి పిన్నులకు చిలుము పడుతుంది, రెసిస్టెన్స్ కొన్ని ఓములు పెరిగితే కంట్రోల్ యూనిట్ పసిగట్టి డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక ల్యాంప్ వెలిగిస్తుంది. ఆ ల్యాంప్‌కి టేపు అంటించి పంపేయడం పాపం.

ఊడదీసిన బ్యాగ్‌ని ఒంటికి దూరంగా, మెత్తని ముఖం బయటికి ఉండేలా పట్టుకుని, బల్ల మీద ఆ ముఖం పైకి ఉండేలా పెట్టాలి. బోర్లా పెడితే పేలినప్పుడు లోహపు డబ్బా మొత్తం ఎగిరి వస్తుంది. ఇక పాత కారైతే ముందు రీకాల్ (లోపమున్న భాగం మార్చడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలవడం) ఉందేమో చూసుకోవాలి. జపాన్ కంపెనీ టకాటా తయారుచేసిన కొన్ని ఇన్‌ఫ్లేటర్లలో (బ్యాగ్‌లోకి గ్యాస్ నింపే డబ్బాల్లో) వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకూ చెడిపోయి, పేలినప్పుడు లోహపు ముక్కలు చిమ్మింది. వేడీ తేమా మన ఊళ్లో ఎంతో చెప్పక్కర్లేదు.

మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది, తర్వాత పక్క సీటుకూ. ఆ కార్లు కొత్తగా కొనగానే మనవాళ్లు ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్లి పూజ చేయిస్తారు. నా కారుకీ అక్కడే చేయించాను. చిక్కంతా ఆ తర్వాత డ్యాష్‌బోర్డు ఎడమవైపు అంటించే విగ్రహంతోనే. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ అని అచ్చు వేసిన మూత అక్కడే ఉంటుంది. సెకనులో ముప్ఫయ్యో వంతులో బ్యాగ్ ఆ మూతను చీల్చుకుని వచ్చేటప్పుడు దాని మీదున్న ఇత్తడి ప్రతిమ పక్క సీట్లో కూర్చున్నవాళ్ల ముఖం వైపు దూసుకొస్తుంది. ఆ మూత దాటి, డ్యాష్‌బోర్డు మధ్యలో చిన్న కాగితపు పటం అంటించుకోండి. ఫోన్ హోల్డరు, సెంటు సీసా కూడా ఆ మూత మీద వద్దు.