థిక్‌నెస్ ప్లానర్ మీద పడే నిందలు: అపోహలు, వాస్తవాలు

గాజువాక ఆటోనగర్ దగ్గర చిన్న షెడ్డులో థిక్‌నెస్ ప్లానర్, అంటే చెక్క పలకను అంతటా ఒకే మందానికి చెక్కే మిషన్, నడుపుతాను. పలక పాడైతే తిట్లన్నీ మిషన్‌కే. వాటిలో సగం అన్యాయం.

అపోహ: వంకర పలకను ప్లానర్‌లో పెడితే తిన్నగా వస్తుంది.

రోజూ వినే మాట. మొన్న ఒకాయన ఆరడుగుల టేకు పలకలు ఆటోలో వేసుకొచ్చి, "మేస్త్రీ గారూ, వంపు పోయేలా రెండుసార్లు తోసెయ్యండి" అన్నారు. ప్లానర్‌కి వచ్చిన పని ఒకటే, కింది ముఖానికి సమాంతరంగా పై ముఖాన్ని కోయడం. లోపలి రోలర్లు పలకను బల్లకేసి అదుముతాయి. వంపు ఆ కాసేపు అణిగి, బయటికి రాగానే మళ్లీ లేస్తుంది. మందం అంతటా ఒకటే ఉంటుంది, వంకరా అలాగే ఉంటుంది. ముందు సర్ఫేస్ ప్లానర్ మీద, అంటే పలకను చేత్తో తోస్తూ కింది ముఖాన్ని కోసే మిషన్ మీద, ఒక ముఖం చదును చెయ్యాలి. అది లేకపోతే, దళసరి ప్లైవుడ్ మీద పలకను పెట్టి, ఊగే చోట్ల కింద సన్నటి చెక్కముక్కలు దూర్చి అంటించి, ప్లైవుడ్‌తో సహా లోపలికి పంపండి. పై ముఖం చదునయ్యాక ప్లైవుడ్ తీసేసి తిరగేస్తే చాలు.

అపోహ: కొసల్లో పల్లం పడిందంటే బ్లేడు పోయినట్టే.

దీన్నే స్నైప్ అంటారు. పలక ఒక్క రోలర్ పట్టులోనే ఉన్నప్పుడు, బయట వేలాడే బరువుకి లోపలి కొస పైకి లేచి కటర్‌కి (బ్లేడ్లు బిగించి తిరిగే ఇరుసుకి) తగులుతుంది. బయటి కొసను చేత్తో కాస్త ఎత్తి పట్టుకోండి. బల్లలోని కింది రోలర్లు మరీ పైకి ఉన్నాయేమో చూడండి. ఒకే మందం పలకలను ఒకదాని వెనక ఒకటి ఆనించి పంపితే నష్టం మొదటిదానికీ చివరిదానికే. ఎందుకైనా మంచిది, నాలుగంగుళాలు ఎక్కువ పొడవు ఉంచుకోండి.

అపోహ: బ్లేడు ఎంత బయటికి ఉంటే అంత బాగా కోస్తుంది.

ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఇది ప్రమాదం. కోత లోతు బల్ల ఎత్తును బట్టి ఉంటుంది, బ్లేడును బట్టి కాదు. ఎంత బయటికి ఉండాలో మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, అంతే పెట్టండి. అసలు ముఖ్యం, బ్లేడ్లన్నీ ఒకే ఎత్తులో ఉండటం. మూడు బ్లేడ్ల కటర్ నిమిషానికి 4,500 చుట్లు తిరుగుతూ, పలక నిమిషానికి 6 మీటర్లు నడిచిందనుకోండి. మూడూ కోస్తే 0.44 మి.మీ.కి ఒక గీత, కంటికి ఆనదు. ఒక్కటే ఎత్తుగా ఉంటే 1.33 మి.మీ.కి ఒకటి. పాలిష్ వేశాక అలలు కనిపిస్తాయి. ప్లగ్ పీకాకే బ్లేడు ముట్టుకోండి. బోల్టులన్నీ ఒక చుట్టు సగం బిగించి, రెండో చుట్టులో గట్టిగా బిగించండి.

ఓసారి పాత ఇంటి దూలంలో మేకు చూసుకోలేదు. మూడు బ్లేడ్లకూ ఒకేచోట అంచు విరిగి, పలక పొడవునా సన్నటి గీత లేచింది. కొత్తవి వచ్చేదాకా ఒక బ్లేడును ఒక మి.మీ. పక్కకు జరిపి నెట్టుకొచ్చాను. గీత పోయింది.

అపోహ: పలక మధ్యలో ఆగిపోతుంటే రోలర్ స్ప్రింగులు బిగించాలి.

విశాఖలో ముందు అనుమానించాల్సింది ఉప్పుగాలిని. వానాకాలంలో రెండు రోజులు మిషన్ నడపకపోతే బల్ల మీద ఎర్రటి తుప్పు పొర వస్తుంది, చెయ్యి పెడితే గరుగ్గా తగులుతుంది. పలక దానికే పట్టేస్తుంది. సన్నటి గరుకు కాగితంతో రుద్ది, కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరాక కొవ్వొత్తి మైనం రాసి గుడ్డతో మెరుగు పెట్టండి. నూనె మాత్రం వద్దు, చెక్కకు మరకలు పట్టి తర్వాత పాలిష్ నిలవదు. రోలర్లకు అంటుకున్న జిగురు కూడా గీకెయ్యండి. బ్లేడు మొద్దుబారినా ఇలాగే ఆగుతుంది. స్ప్రింగుల సంగతి ఆ తర్వాత.

త్రీఫేజ్ మిషన్‌ను షెడ్డు మార్చాక అసలు కోయడం లేదంటూ ఫోన్లు వస్తాయి. రెండు వైర్లు తారుమారై మోటారు వెనక్కి తిరుగుతుంటుంది, అంతే.

అపోహ: పచ్చి చెక్కనైనా ప్లానర్ చూసుకుంటుంది.

ఈ తప్పు నేనూ చేశాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు ఊరంతా చెట్లు పడ్డాయి. నెల తిరక్కుండానే ఒకరు వేప పలకలు తెచ్చారు. తాకితే చల్లగా, తడిగా ఉన్నాయి. తొందరపడి ఒకే రోజు కావలసిన మందానికి దించేశాను, అదీ ఎక్కువగా ఒక్క వైపు నుంచే. రెండు వైపులా సమానంగా తీసి, మధ్యలో రీపర్లు (సన్నటి చెక్క పట్టీలు) పెట్టి ఆరనిచ్చి, ఆఖరి కోత తర్వాత వెయ్యాల్సింది. అలా చెయ్యలేదు కాబట్టి పది రోజులకు దోనెల్లా వంగిపోయాయి. రెండు పలకలు ఇంకా మా గోడకే ఆనించి ఉన్నాయి. అడ్డంగా స్కేలు పెడితే నడిమధ్యలో చిటికెన వేలు దూరుతుంది.