గుడ్డ గోడ నడుమ తేలిన ఉక్కు

ముప్పై రెండు టన్నుల యుద్ధ ట్యాంకు చుట్టూ కాన్వాసు గుడ్డ కడితే అది సముద్రం మీద తేలుతుందంటే నమ్మబుద్ధి కావడం లేదని ఒక పాఠకుడు రాశారు. తేలింది. హంగేరీలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన ఇంజనీరు నికొలస్ స్ట్రాస్లర్ 1941లో లండన్ బ్రెంట్ జలాశయంలో తేలికపాటి టెట్రార్క్ ట్యాంకుతో దానిని చేసి చూపించాడు. 1944 నాటికి అదే ఏర్పాటు అమెరికా షెర్మన్ ట్యాంకులకు కూడా వచ్చింది.

ఆర్కిమెడిస్ అనగానే మనం స్నానపు తొట్టి కథ చెప్పి ఊరుకుంటాం; ఇత్తడి బిందె ఎందుకు తేలుతుందని అడిగితే ఆ కథ విన్న పిల్లవాడు తెల్లబోతాడు. బిందెను తేల్చేది ఇత్తడి కాదు, ఆ గోడ నీటిని రానివ్వకుండా కాపాడే ఖాళీ. స్ట్రాస్లర్ ట్యాంకు చుట్టూ లేపినది అటువంటి బిందె గోడనే. తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువున్న నీటిని పక్కకు తోస్తుంది కనుక, 32 టన్నులు తేలాలంటే సుమారు 31 ఘనపు మీటర్ల సముద్రజలం పక్కకు తొలగాలి. షెర్మన్ ట్యాంకు పొడవు దాదాపు 6 మీటర్లు, వెడల్పు 2.6 మీటర్లు కనుక మునక ఇంచుమించు రెండు మీటర్లు. అంటే ఉక్కు దేహం నీటిమట్టానికి దిగువన వేలాడుతుండగా, పైన కనిపించేది గుడ్డ అంచు మాత్రమే. మీటరు లోతున నీరు ప్రతి చదరపు మీటరునూ టన్ను బరువుతో నెడుతుంది. ఆ ఒత్తిడికి గుడ్డ కూలకుండా గాలి నింపిన 36 రబ్బరు గొట్టాలూ ఉక్కు చట్రాలూ నిలబెట్టాయి. ఇంజను శక్తి ట్యాంకు పట్టాలతో పాటు వెనుకనున్న రెండు ప్రొపెల్లర్లకు కూడా అందేది కనుక దీనికి డూప్లెక్స్ డ్రైవ్ (జంట చోదన) అని పేరు; వేగం గంటకు సుమారు 7 కిలోమీటర్లు.

అసలు చిక్కు బిందె మూతి దగ్గర ఉంది. అంచు మీదుగా ఒక ఘనపు మీటరు నీరు లోపలికి దూకితే టన్ను బరువు చేరుతుంది, అంచు దాదాపు 6 సెంటీమీటర్లు దిగుతుంది. దిగిన అంచును దాటడం తరవాతి అలకు మరింత సులువు. లోపలి పంపు తోడే వేగాన్ని ఇది మించిందంటే ఇక ఆగదు.

ఈ ట్యాంకులను సుమారు 30 సెంటీమీటర్ల అలలను దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్సులోని నార్మండీలో దిగిన 1944 జూన్ 6న, అక్కడి ఒమాహా తీరం ముందు అలలు అంతకు అనేక రెట్లు ఎత్తున లేచాయి. ఒడ్డుకు సుమారు 5 కిలోమీటర్ల దూరాన అమెరికా 741వ ట్యాంకు బెటాలియన్ నీటిలో దింపిన 29 ట్యాంకులలో 27 మునిగిపోగా, ఈదుకుంటూ ఒడ్డు చేరినవి రెండే. నార్మండీలోనే మరో చోటైన యూటా తీరంలో ఒడ్డుకు బాగా దగ్గరగా దింపినందువల్ల దాదాపు అన్నీ చేరాయి. ఒమాహాలోనే 743వ బెటాలియన్ వారు సముద్రం తీరు చూసి, ట్యాంకులను ఈదనివ్వక నౌకలలోనే ఇసుక దాకా తీసుకుపోయారు.