టొయోటాయా, షెవర్లేనా: ఒక పాత వాదన పుట్టుపూర్వోత్తరాలు

అమెరికా చేరిన మన పిల్లలకి సీనియర్లు ఇచ్చే సలహాల్లో కారు గురించిన మాట ఒకటి తప్పకుండా ఉంటుంది: సెకండ్ హ్యాండ్ టొయోటా కరోలానో, హోండా సివిక్కో చూసుకో, అమెరికన్ కారు జోలికి పోకు. రిపేర్లు తక్కువ, మళ్లీ అమ్మినా రేటు పలుకుతుంది. ఈ నమ్మకం ఎప్పటినుంచో ఉన్నదేం కాదు. ఒకప్పుడు జపాన్ కారంటే అమెరికాలో నవ్వులాటే.

1957లో టొయోటా కాలిఫోర్నియాలో కంపెనీ తెరిచి టొయోపెట్ క్రౌన్‌ను దింపింది. జపాన్ గతుకుల రోడ్లకి తగ్గట్టు చేసిన బరువైన బండి, ఇంజను చూస్తే చిన్నది. హైవే ఎక్కితే వేగం అందుకోలేక రొప్పేది, వేడెక్కిపోయేది. 1958 మొత్తమ్మీద 287 అమ్ముడయ్యాయి. కొన్నాళ్లకి కంపెనీయే దాని ఎగుమతి ఆపేసింది.

కథ తిరిగింది 1973లో. ఆ అక్టోబరులో అరబ్ దేశాలు చమురు సరఫరా ఆపేశాయి. కొద్ది నెలల్లోనే పీపా 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దాకా వెళ్లింది. డెట్రాయిట్, అంటే అమెరికన్ కార్ల కంపెనీల దగ్గర అప్పటికే చిన్న కార్లు లేకపోలేదు. లాభమంతా పెద్ద బళ్లలో ఉండటంతో వీటిమీద మనసు పెట్టలేదంతే. షెవర్లే వేగాకి తుప్పు, ఇంజను వేడెక్కడం. ఫోర్డ్ పింటోని వెనకనుంచి ఏదైనా గుద్దితే పెట్రోలు ట్యాంకు అంటుకునే ప్రమాదం. 1978లో దాదాపు 15 లక్షల బళ్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. హోండా మాత్రం 1975 సివిక్‌లో సీవీసీసీ అనే తక్కువ పొగ ఇంజను పెట్టి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లేకుండానే కొత్త పొగ నిబంధనలు దాటేసింది.

డెట్రాయిట్‌లో ఉద్యోగాలు ఊడుతున్నకొద్దీ కోపం కార్ల మీద నుంచి మనుషుల మీదికి మళ్లింది. 1982లో విన్సెంట్ చిన్ అనే చైనా సంతతి యువకుణ్ణి జపాన్ మనిషనుకుని కార్ల పరిశ్రమకే చెందిన ఇద్దరు కొట్టి చంపారు. కోర్టు వాళ్లకి జైలు వేయలేదు. ప్రొబేషన్, జరిమానాతో వదిలేసింది. అంతకు ముందు ఏడాదే అమెరికా ఒత్తిడి మీద జపాన్ అక్కడికి తన ఎగుమతులకు ఏటా 16.8 లక్షల కార్ల పరిమితి పెట్టుకుంది. ఆ పరిమితి ఉన్నాక జపాన్ కంపెనీలు అమెరికాలోనే ఫ్యాక్టరీలు కట్టాయి, ఖరీదైన మోడళ్ల వైపు నడిచాయి. రక్షణ కోసం కట్టిన గోడ ప్రత్యర్థికే నిచ్చెనైంది.

నాణ్యత గురించి అసలు పాఠం నాకు కనిపించేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. అక్కడి జనరల్ మోటార్స్ (జీఎం) ఫ్యాక్టరీకి చెడ్డపేరు ఉండేది. పని ఎగ్గొట్టేవాళ్లు ఎక్కువై కొన్ని రోజులు కార్లు బిగించే లైను నడపడమే కష్టమయ్యేది. లోపం కనబడినా లైను ఆపకూడదు. చివర్లో చూసుకుందాం అనేవారు. 1982లో మూతపడిన ఆ ఫ్యాక్టరీనే 1984లో టొయోటా, జీఎం కలిసి తెరిచాయి. చాలామంది పాత కార్మికులే, యూనియనూ అదే. కొందరిని జపాన్ పంపి పని చూపించారు. తలపైన ఒక తాడు వేలాడదీశారు: ఏ కార్మికుడికి తేడా కనిపించినా లాగొచ్చు, టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు, అవసరమైతే లైనే ఆగుతుంది. కొద్దికాలంలోనే అక్కడి కార్లు జపాన్‌లో చేసినవాటితో పోటీపడ్డాయి. మరి లోపం అమెరికన్ చేతుల్లో ఉందని ఎలా అంటాం? జపాన్ ఇంజనీర్లకి 1950లో నాణ్యతా పాఠాలు చెప్పిన డెమింగ్ కూడా అమెరికన్ కదా.

ఆ ఫ్యాక్టరీలోనే కరోలాతోపాటు, దాదాపు అదే కారుని జీఎం కోసం జియో ప్రిజమ్ పేరుతో చేసేవారు. అయినా సెకండ్ హ్యాండ్‌లో ప్రిజమ్ తక్కువకే పోయేది. అప్పటికి జనం బండిని కాదు, బ్యాడ్జీని కొంటున్నారు. తర్వాత 2009-10లో టొయోటా లక్షల కార్లు వెనక్కి పిలిచినా, తకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగులు పేలిపోయే గొడవ వచ్చినా ఆ పేరు పెద్దగా చెదరలేదు.

పికప్ ట్రక్కుల సంగతి వేరు. యూరప్ అమెరికన్ కోడిమాంసం మీద పన్ను వేసిందని, 1964లో అమెరికా దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం బిగించింది. కోళ్ల తగాదా సద్దుమణిగినా సుంకం మిగిలిపోయింది. ఆ నీడలో డెట్రాయిట్ తన బలమంతా పికప్‌ల మీదే పెట్టింది. 2018లో ఫోర్డ్ ఉత్తర అమెరికాలో సెడాన్లు మానేస్తున్నట్టు ప్రకటించింది. ఇవాళ అమెరికాలో సెడాన్ కావాలని ఫోర్డ్ షోరూంకి వెళ్తే, చూపించడానికి కొత్తది ఒక్కటీ లేదు.