రాకాసి గూళ్లు: తాడ్వాయి అడవిలోని పాత సమాధులు

ములుగు జిల్లా తాడ్వాయి మండలం దామరవాయి దగ్గర అడవిలో రాతి పలకలతో కట్టిన గూళ్లు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. ఊళ్లో వాటిని రాకాసి గూళ్లంటారు. అంతంత బండలు మనుషుల వల్ల కాదు, రాక్షసులే ఎత్తి ఉంటారని ఆ పేరు. ఇవి ఇనుప యుగం నాటి సమాధులు, వయసు రెండు వేల ఏళ్లు దాటింది.

పలకలు నాలుగు వైపులా నిలబెట్టి, పైన పెద్ద బండ కప్పారు. కొన్నిటి లోపల ఒకే రాయిని తొలిచిన తొట్టి ఉంటుంది, అస్థికలు ఉంచేది అందులోనే. సున్నం లేదు, అతుకు లేదు. కప్పుబండ బరువే పలకల్ని కదలకుండా నొక్కి పెడుతుంది. అందుకే ఒక పలక మొదలు దగ్గర గుంత తవ్వితే చాలు, బండ ఒరిగి గూడంతా కూలుతుంది.

1868లో సర్వే ఉద్యోగి మల్హరన్ కాటాపూర్, మల్లూరు ప్రాంతాల్లోని ఇలాంటి సమాధుల గురించి బెంగాల్ ఏషియాటిక్ సొసైటీకి రాశారు. వాటి పక్కన చేతులు చాచినట్టున్న నిలువురాళ్లు చూసి శిలువలనుకున్నారు. 1872లో వాస్తుశిల్ప చరిత్రకారుడు ఫెర్గూసన్ కూడా వాటిని క్రైస్తవానికే ముడిపెట్టారు. అవి మనుషుల బొమ్మలని తర్వాతి పరిశోధకులు తేల్చారు. దొంగతోగు దగ్గర స్తనాలు చెక్కిన బొమ్మ కూడా ఉంది. దాన్ని చూశాక శిలువ అనే మాటకు చోటెక్కడ?

రాకాసి, శిలువ అన్న పొరపాట్లు రాళ్లకు హాని చెయ్యలేదు. గూళ్లను పగలగొట్టింది గుప్తనిధులన్న మూడో పొరపాటు. లోపల ఉండేవి ఎముకలు, ఇనుప పనిముట్లు, కుండపెంకులు. లోపలివైపు, అంచు నలుపు, కింద ఎరుపు, బోర్లించి కాల్చిన కుండలవి. బంగారం కోసం తవ్వినవాడికి ఇవి చెత్త. చరిత్రకు మిగిలిన సాక్ష్యం మాత్రం ఇదొక్కటే.

మేడారం, లక్నవరం వెళ్లేవాళ్లు ఈ గూళ్లనూ చూసి రావాలి, తప్పకుండా. అటవీ సిబ్బందికి ముందే చెప్పి, దారి తెలిసిన ఊరివాళ్లను వెంటబెట్టుకోండి. వానాకాలంలో గడ్డి మోకాలు దాటుతుంది, సందుల్లో పాములుంటాయి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మేలు. కప్పుబండ ఎక్కొద్దు. గూట్లో పొయ్యి పెట్టొద్దు, వేడికి ఇసుకరాయి పొరలు పొరలుగా ఊడుతుంది. ఫొటోలో కొలత తెలిసేలా స్కేలు పెట్టి, ఉత్తరం ఎటో గుర్తించి, నాలుగు వైపులా తీయండి. నేలమీద పెంకు కనిపిస్తే ఉన్నచోటే ఉంచండి. చోటు మారితే అది ఏ సమాధిదో ఇక ఎవరూ చెప్పలేరు.